చెయ్యి ఆగేదాకా

మాత్ర ఇంకా అందుకోలేదు. మింగి చాలాసేపయింది. నా కొడుకు జైపాలే నోట్లో వేశాడు, నీళ్లు తాగించాడు, గొంతులో నిలిచిందేమోనని ఇంకో గుక్క కూడా పోశాడు. అయినా నా కుడిచేతి బొటనవేలు చూపుడువేలిని రుద్దుతూనే ఉంది, ఆకూ తంబాకూ లేకుండా బీడీ చుడుతున్నట్టు. మామూలుగా ముందు ఆ వేలే వదులుతుంది. తర్వాత మణికట్టు, తర్వాత దవడ, దవడతో పాటు గొంతు, అన్నిటికన్నా ఆఖరున పాదాలు. అప్పుడు లేచి నడుస్తాను, నడిచినంతసేపూ మనిషిని, మాత్ర దిగిపోగానే మళ్లీ కట్టుకొయ్యకు కట్టేసిన బర్రెను. ఇవాళ ఆ వేలు వదలాలి. సాయంత్రం చాయ్ వేళకు జైపాల్‌కు చూసిన పిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారు. అప్పటికి నేను హాల్లో కుర్చీలో కూర్చుని ఉండాలి, పిల్లను దగ్గరికి పిలవాలి, ఒక మాట చెప్పాలి. పక్కింటి సృజన వచ్చి ఆకుపచ్చ పట్టుచీర కట్టిపోయింది, తల దువ్వి పిన్నులు గుచ్చింది. కాసేపు ఒరుగు పెద్దమ్మా అని పడుకోబెట్టి వెళ్లింది, ఆ పిన్నులు దిండుకు ఒత్తుకుని మాడు మీద పొడుస్తున్నాయి. పొడవనీ. తొందరగా అందుకో తల్లీ అని మాత్రను బతిమాలుకుంటున్నాను, పోచమ్మను కూడా ఎప్పుడూ ఇంతగా బతిమాలలేదు.

మా దిక్కు పిల్లను చూసి రావడం ఒక ఎత్తు, పిల్లవాళ్లు వచ్చి ఇల్లు చూసుకోవడం ఇంకో ఎత్తు. ఒకప్పుడు అదొక ముచ్చట, వచ్చి, కోడికూర తిని, నవ్వుకుని పోయేవాళ్లు. ఇప్పుడది తనిఖీ. జైపాల్ కంపెనీకి ఆడిట్‌కు వచ్చే దొరలు కూడా అంత లోతుగా చూడరట. వంటిల్లు చూస్తారు, బాత్రూం తలుపు తీసి చూస్తారు, బోరు నీళ్లు దోసిట్లో పట్టి వాసన చూస్తారు. ఈ పటాన్‌చెరు చుట్టుపక్కల జాతకాల సంగతి తర్వాత, ముందు నీళ్ల సంగతి. మేము గుమ్మడిదల పక్కన ఉన్న ఊరు వదిలి ఈ పోతిరెడ్డిపల్లికి వచ్చిందే నీళ్ల కోసం, అక్కడ చీకటి పడితే కంపెనీలు వదిలే వాసనకు ఎండాకాలం కూడా కిటికీలు మూసుకునేవాళ్లం. నీళ్లు బాగుంటే, వంటిల్లు బాగుంటే, ఆఖరికి అత్తను చూస్తారు. పోయినసారి వచ్చినవాళ్లు అన్నీ మెచ్చుకున్నారు. నేను గ్లాసుల పళ్లెం పట్టుకొచ్చాను. వద్దని జైపాల్ కళ్లతో చెబుతూనే ఉన్నాడు, ఇంటికొచ్చినవాళ్లకు నీళ్లు నేనివ్వకపోతే ఇంకెవరిస్తారని నేనే మొండికేశాను. పళ్లెంలో గ్లాసులు ఒకదాన్నొకటి కొట్టుకుని మోగాయి. పిల్ల మేనమామ నా చేతుల వంకే చూశాడు, తర్వాత పిల్ల తల్లి వంక చూశాడు, తర్వాత అందరూ గోడ గడియారం వంక చూశారు. ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. ఆ పూట జైపాల్ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. "నీ తప్పేం లేదమ్మా" అన్నాడు. తప్పు లేదని పనిగట్టుకుని చెప్పారంటే తప్పు మనదేనని అర్థం, ఆమాత్రం తెలియనిదాన్ని కాదు.

ఆ తర్వాతే యాదన్న నా జబ్బుకు కొత్త పేరు పెట్టాడు. యాదన్న మా ఆయనకు వరుసకు తమ్ముడు, సంగారెడ్డిలో ప్లాట్లూ పెళ్లిళ్లూ రెండూ కుదురుస్తాడు. రెండింటిలోనూ ఉన్న లోపం దాచడమే పని కాబట్టి ఆయనకు వేరువేరు విద్యలు అక్కరలేదు. "వదినెకు నిద్ర పట్టది, గంతే. నిద్ర లేకుంటే ఎవ్వలకైనా చెయ్యి వణుకుతది. ఇంకో పేరు నోట్లెకెల్లి రానియ్యకుండ్రి" అన్నాడు. అబద్ధం కూడా కాదది, అందుకే అంత బాగా అతికింది. నిద్ర పట్టదు, నిజమే. ఆ రోజు నుంచి చుట్టాల్లో నేను నిద్ర పట్టని ముత్యమ్మను. పేరు మారగానే జబ్బు తేలికైపోయింది, జనానికి. పార్కిన్సన్స్ అంటే దూరం జరిగి కూర్చునేవాళ్లు, నిద్ర పట్టదంటే ప్రతివాడూ వైద్యుడే. పాలలో గసగసాలు అన్నారు, జాజికాయ గీసి నాకమన్నారు, అరికాళ్లకు ఆముదం అన్నారు. జైపాల్ దోస్తు నరేష్ జిమ్‌కు పోతాడు, వాడు ప్రోటీన్ పొడి డబ్బా తెచ్చాడు, బలం లేకే ఆంటీకి నిద్ర రావట్లేదని. హైదరాబాద్ డాక్టర్ మొదటి రోజే చెప్పాడు, పగటి మాత్రకు ముందూ వెనకా పాలు, పప్పు, గుడ్డు జోలికి పోవద్దు, కడుపులో అవి మాత్రను అందనివ్వవని. పొడి కూడా అదే జాతి కదరా అంటే నరేష్ నవ్వాడు, డాక్టర్లు గట్లనే అంటరు ఆంటీ అన్నాడు. పొద్దున్నే పాలలో ఆ పొడి, దాని వెనకే మాత్ర. నెల తిరిగేసరికి మధ్యాహ్నం దాకా మంచం దిగలేని స్థితికి వచ్చాను.

అశ్వగంధ ఒకళ్లు తెచ్చారు. మెగ్నీషియం ఒకళ్లు తెచ్చారు, దానితో నిద్ర రాలేదు కానీ విరేచనాలు వచ్చాయి, ఏదో ఒకటి వచ్చింది. స్ట్రాబెర్రీ వాసన వేసే చప్పరింత బిళ్లలు తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో అందరూ వాడతారట, లక్షల జీతాల వాళ్లకు కూడా నిద్ర లేదని విని నాకు కాసేపు హాయిగా అనిపించింది, నిద్ర మాత్రం పట్టలేదు. యాదన్న ఏకంగా దూలగొండి గింజల పొడి పట్టుకొచ్చాడు, నరాలకు బలమని. చిన్నప్పుడు చేను గట్టున ఆ కాయ నూగు తగిలితే ఒళ్లంతా బరుక్కునేవాళ్లం, దాన్ని తేనెలో కలిపి తినిపించారు. ఆ వారమంతా నా మెడా భుజాలూ నన్నడగకుండా ఊగాయి, బోనాల్లో పూనకం వచ్చినదానిలాగా. డాక్టర్ తల పట్టుకున్నాడు. మీ పగటి మాత్రలో ఉండేదే ఆ గింజలోనూ ఉంటుంది, రెండూ కలిసి ఎక్కువైపోయింది, ఇకమీద నాకు చెప్పకుండా ఏ పొడీ నోట్లో వేసుకోవద్దన్నాడు. బయటికి రాగానే మా ఆయన, అంటే మందు పనిచేసినట్టే గదా, అన్నాడు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. ఆ మాట అన్నవాడికి పడుకోగానే నిద్ర పట్టేది కాబట్టి అన్నాడు.

వేలు ఇంకా రుద్దుతోంది. ఏం మాత్రరా ఇది. ఒక్కోసారి మొండికేస్తుంది, తెలుసు, కానీ ఇంతసేపా. పొద్దున మెతుకు కూడా ముట్టలేదు, మాత్రకు అడ్డం రాకూడదని, కడుపు వీపుకు అంటుకుంది. అరుగుతూ ఉండాలి, అందుకుంటూ ఉండాలి. అసలు మాత్రలు ఎముకల బలానికి అని రాసిన పెద్ద డబ్బాలో ఉంటాయి, డబ్బా మీద ఒక ముసలాయన సైకిల్ తొక్కుతూ నవ్వుతుంటాడు. దాచడానికి అంతకన్నా మంచి చోటు మావాళ్లకు దొరకలేదు. ఈ చుట్టుపక్కల మందుల కంపెనీకి పోయే మనిషి లేని ఇల్లు లేదు, కిటికీలో ఒక స్ట్రిప్ కనబడితే చాలు, ఇటు తిప్పి, అటు తిప్పి, వెనక సన్నక్షరాలు చదివి జబ్బు పేరు చెప్పేస్తారు. పైగా ఈ పిల్ల, ప్రియాంక అట పేరు, బొల్లారం వైపు ఏదో కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తోంది. అందుకే జైపాల్ కూర్చుని ఒక్కొక్క మాత్రా స్ట్రిప్‌లోంచి ఒలిచి ఆ డబ్బాలో పోశాడు, వేరుశనక్కాయలు ఒలిచినట్టు. నేను చూస్తూ కూర్చున్నాను. చెయ్యి వణకడం మొదలయ్యేదాకా నేను చేసిన ఉద్యోగం అదే, కాకపోతే తిరగేసి. ప్యాకింగ్ సెక్షన్‌లో తలకు టోపీ, మూతికి గుడ్డ కట్టుకుని, బెల్టు మీద పరిగెత్తే స్ట్రిప్పుల్లో ఖాళీ గది కనబడితే తీసి పక్కన పడేయడం. ఊళ్లోవాళ్ల రోగాలన్నీ పేరు రాసి, సీలు వేసి పంపాను. నా రోగం మాత్రం డబ్బాలో విడిగా, పేరు లేకుండా.

రాత్రుళ్లు ఇంకా ఆ బెల్టు దగ్గరే ఉంటాను. కలలో స్ట్రిప్పులు మీదికి వచ్చి పడుతుంటాయి, తోస్తాను, తంతాను, సూపర్‌వైజర్ మీద అరుస్తాను. అరిచేది కలలోనే అయినా కాలు తగిలేది మా ఆయనకు. మామూలు మనుషులకు కలగనేటప్పుడు ఒళ్లు కట్టేసి ఉంటుందట, నాకు ఆ కట్టు ఊడిందని డాక్టర్ చెప్పాడు. మెలకువలో కదలమంటే కదలని కాళ్లు నిద్రలో మొగుడి మూతి పగలగొట్టాయి. నాకు నవ్వొచ్చింది, ఆయనకు రాలేదు. ఆ రోజు నుంచి ఆయన పడక హాల్లో. రాత్రి కేకలకని డాక్టర్ ఒక చిన్న తెల్ల మాత్ర రాశాడు, పడుకునేముందు సగం, సగం అంటే సగమే, ఎక్కువైతే పగలంతా తూలి పడతావమ్మా అని గట్టిగా చెప్పాడు. దానితో కేకలు తగ్గాయి. తగ్గనిది ఒకటే, పక్క తిరగడం. ఎటు పడుకుంటే అటే, కొయ్య దుంగను. ఒక వైపు నొప్పి పుట్టి, మండి, మొద్దుబారి, మళ్లీ నొప్పి పుట్టేదాకా అట్లాగే ఉండి, ఇక ఆగలేక జైపాల్‌ను పిలుస్తాను. నా గొంతు కూడా సన్నగిల్లింది, నేను అరిచాననుకుంటాను, గడప దాటేసరికి అది గుసగుస. అయినా వాడికి వినబడుతుంది. లేచి వస్తాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. రాత్రి డ్యూటీ ఉన్న వారాల్లో మాత్రం నేను కప్పుకున్న దుప్పటీ, నేనూ తెల్లవార్లూ ఒకే భంగిమలో ఉంటాం.

అట్లాంటి కొడుకు. అదే నా గొంతుకు అడ్డం పడుతోంది. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. వాడి ఈడువాళ్లకు పిల్లలు బడికి పోతున్నారు. ఇప్పుడు ఆడపిల్లల తండ్రులకు తెల్లాపూర్‌లో ఫ్లాటున్న సాఫ్ట్‌వేర్ అల్లుడు కావాలి, పొగగొట్టాల కింద షిఫ్టులు చేసేవాడు ఎవరికి కావాలి. ఆ దొరికిన ఒక్క సంబంధం కూడా తల్లి చెయ్యి చూసి పోతే వాడి మొహం ఎట్లా ఉంటుందో నాకు తెలియదా. తెలుసు. తెలిసే నిన్న చెప్పాను, రేపు ఆ పిల్లతో నేనే చెబుతాను, నాకు ఉన్న జబ్బు పేరు పెట్టి చెబుతాను, విని ఇష్టమైతే వస్తుంది, లేకుంటే లేదు అని. మా ఆయన గయ్యిమన్నాడు. "నీ కొరకే గదనే తెస్తున్నం? రేపు నిన్ను లేపాలె, తానం పోయాలె, ఎవ్వలు చేస్తరు, నేనా?" అన్నాడు. ఉన్నమాట అంత సూటిగా ఎప్పుడూ అనలేదు ఆయన. అంటే కోడలిని కాదు తెస్తున్నది, నన్ను పక్కకు తిప్పే మనిషిని. అది ఆ పిల్లకు తప్ప అందరికీ తెలుసు.

నన్నూ అట్లాగే తెచ్చారు. అత్తకు మోకాళ్ల నొప్పులన్నారు. వచ్చి చూస్తే ఒక పక్క మొత్తం పడిపోయి ఉంది, నులకమంచం మధ్యలో తాళ్లు కోసి కింద బొచ్చె పెట్టారు. కంపెనీ బస్సు దిగి, చీర మార్చుకోకుండానే ఆ బొచ్చె తీసేదాన్ని, తర్వాతే నా చాయ్. ఆమె చాలా ఏళ్లు బతికింది. చచ్చిపోయే ముందు నా చెయ్యి పట్టుకుని, నేను చెప్పమన్న బిడ్డా, వీళ్లే చెప్పలే, అంది. అప్పుడు నాకు ఒళ్లు మండింది, చచ్చేముందు ఎవరైనా మంచివాళ్లే అనుకున్నాను. ఇప్పుడు నేను కూడా అదే మాట అనుకుంటూ చావాలా? అనను. మాత్ర అందుకోగానే హాల్లోకి పోతాను, గొంతు వస్తుంది, మాత్ర పనిచేస్తున్నప్పుడు నా గొంతు హాలంతా వినబడుతుంది. బిడ్డా, ఇట్లా దగ్గరికి రా అంటాను. ఇది వణుకుడు జబ్బు, తగ్గేది కాదు, పెరిగేది. రాత్రి నన్ను పక్కకు తిప్పాలి. అన్నీ తెలుసుకుని రా. అంతే. ఆ తర్వాత ఎవరెన్ని తిట్టినా సరే. నిన్న జైపాల్ లేచి బయటికి పోయాడు. ఇవాళ మధ్యాహ్నం తనే వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "నువ్వన్నదే కానియ్ అమ్మా, చెప్పు. జెర మంచిగ చెప్పు గంతే" అన్నాడు. నా కొడుకని మురిసిపోయాను. మాత్ర తెచ్చాడు, అరచేతిలో పెట్టకుండా నేరుగా నోట్లో వేశాడు. రెండు వేశాడు. ఇవాళ ఎక్కువసేపు కూర్చోవాలి గదా అన్నాడు.

కళ్లు ఎందుకు ఇట్లా బరువెక్కుతున్నాయి. ఫ్యాను రెక్కలు రెండుగా కనబడుతున్నాయి, పొద్దున నుంచి ఏమీ తినలేదు, అందుకేనేమో. పగటి మాత్రతో ఒక్కోసారి కడుపులో తిప్పుతుంది, కునుకు కూడా వస్తుంది, అయితే వేలు వదిలాక వస్తుంది. ఇప్పుడు వేలు వదల్లేదు, దవడ వదల్లేదు, పాదాలు మంచానికి అతికే ఉన్నాయి, రెప్పలు మాత్రం కిందికి జారుతున్నాయి. ఈ బరువు నాకు తెలుసు. ఇది పగటిది కాదు. డబ్బా మూత తిప్పిన చప్పుడు నేను వినలేదు, ఇప్పుడు గుర్తొస్తోంది, వాడు జేబులోంచి తీశాడు. నాలుక మీద చేదు కూడా లేదు, చిన్నవి, సుద్దలాగా పెళుసుగా ఉన్నాయి. వద్దు, ఇట్లా అనుకోవద్దు, పాపం, కన్నకొడుకును. హాల్లోంచి మాటలు వినబడుతున్నాయి. మనిషి కదలకపోతే చెవులు కూడా లేవనుకుంటారు.

"పండుకున్నదారా?" మా ఆయన.

"ఇంక లేదు. పండుకుంటది. రాత్రి గోలీలు రెండేసిన." జైపాల్. "నిద్రల చెయ్యి ఆగుతది గద నాయినా. ఎవ్వలు సూసినా ఏం తెల్వది."

"ఏమన్న అయితదేమోరా."

"ఏం గాదు. గాళ్లు పోంగనే లేపుత."

అవును, నిద్రలో చెయ్యి ఆగుతుంది. డాక్టరే చెప్పాడు వాడికి, నా ముందే చెప్పాడు, గాఢనిద్రలో వణుకు ఉండదని. వాడు రాత్రుళ్లు వచ్చి నా చెయ్యి చూసేవాడట, అమ్మా నిద్రల నీ చెయ్యి ఎంత మంచిగుంటదో, మునుపటి లెక్కనే ఉంటది, అనేవాడు. ప్రేమతో చూస్తున్నాడనుకున్నాను. ప్రేమతోనే చూశాడేమో కూడా. ఓరి జైపాలూ, నీకు చెయ్యి ఆగాలి, సరే, నా నోరు కూడా ఆగాలని కదరా రెండు వేశావు. నువ్వన్నదే కానియ్ అమ్మా అన్న నోటితోనే. పరేషాన్‌లో ఉన్నాడు, వాడి బాధ వాడిదని ఇంకా వాడి తరఫున వకాల్తా పుచ్చుకుంటోంది నా మనసు, సిగ్గులేనిది. ఎన్ని రాత్రులు, రావే నిద్రా రావే అని, ఏడ్చి, గసగసాలు తాగి, జాజికాయ నాకి, ఆ దిక్కుమాలిన పొడులన్నీ మింగి పిలిచాను. అప్పుడు రాని ముండ ఇప్పుడు పిలవకుండా వచ్చి గుండెల మీద కూర్చుంది. పోవే. ఇవాళ ఒక్క పూట పో. రేపటి నుంచి మళ్లీ పిలుస్తాను.

లేవాలి. మోచెయ్యి ఆనించి లేవాలి, మోచెయ్యి వింటే కదా. నాలుక కొరుక్కున్నాను, నొప్పి ఎక్కడో దూరంగా పుట్టింది, పక్కింట్లో ఎవరికో పుట్టినట్టు. నిద్రపోకుండా రాత్రి డ్యూటీలు ఎట్లా లాగామో గుర్తు తెచ్చుకుందామనుకున్నాను. ముఖం మీద నీళ్లు, పచ్చిమిరపకాయ కొరకడం, ఒకరినొకరు గిల్లుకోవడం, ప్యాకింగ్ హాల్లో అందరం పాట ఎత్తుకోవడం, ఆ పాట ఏదీ, ఒక్క ముక్కా రావడం లేదు, బెల్టు కదులుతోంది, స్ట్రిప్పులు వస్తున్నాయి, అన్నీ ఖాళీ గదులే, తీసి పడేయాలి, చేతులు రావడం లేదు, బెల్టు ఆగదు, కాదు, ఇది బెల్టు కాదు, ఇది మంచం, పోతిరెడ్డిపల్లి, ఆదివారం, ఆకుపచ్చ చీర. పిన్నులు. తలను దిండుకేసి ఒత్తాను, పిన్ను గుచ్చుకుంది, ఇంకా ఒత్తాను. కారు ఆగిన చప్పుడు. చెప్పులు విడిచిన చప్పుడు. రండి రండి అంటూ యాదన్న గొంతు, ప్లాటు చూపించేటప్పటి గొంతు. వెనక దొడ్లో కొళాయి తిప్పారు. నీళ్లు మంచిగున్నయే, అంది ఒక ఆడగొంతు. నవ్వులు. కప్పులు. వదినె ఎక్కడ అన్నారు ఎవరో, పాపం నిద్ర లేదు రాత్రంతా, గిప్పుడే కన్నంటుకున్నది, అన్నాడు మా ఆయన. అయ్యో లేపకుండ్రి అన్నారు వాళ్లు. మంచివాళ్లు. మంచివాళ్లను మోసం చేయడం ఎంత సుళువో.

తలుపు తెరుచుకుంది. పూల వాసన, ఎవరో కొత్త చీర గరగర. రెప్పల సందులోంచి ముందు జైపాల్ చొక్కా కనబడింది, తర్వాత ఒక పెద్దామె, ఆమె వెనక పిల్ల. సన్నగా ఉంది, కళ్లద్దాలు, చేతికి గడియారం. జైపాల్ తల్లిని చూద్దామని తనే అడిగి వచ్చిందట, ఆ మాట ఆమె తల్లి గర్వంగా చెబుతోంది. పిల్ల నా మంచం దగ్గరికి వచ్చి వంగింది. ఇంత దగ్గరగా వస్తుందనుకోలేదు. ఇదే, ఇప్పుడే, రెప్పలు ఎత్తు ముత్యమ్మా, నోరు తెరువు. తెరిచాను. బిడ్డా, నాది వణుకుడు జబ్బు, వీళ్లు దాచిండ్రు, నన్ను చూసుకునుడు శానా కష్టం, తెల్సుకొని రా బిడ్డా. మొత్తం చెప్పాను. ఒక్క మాట కూడా మింగకుండా, వరుసగా, పేరు పెట్టి చెప్పాను. నా చెవులకు నా మాట గట్టిగా వినబడింది.

"ఏమో అంటున్నరు" అంది పిల్ల, జైపాల్ వైపు తిరిగి.

"నిద్రల మాట్లాడుతది మా అమ్మ" అన్నాడు జైపాల్. వాడి గొంతు వణికింది. నేను ఒక్కదాన్నే విన్నాను. వాడికి నా గుసగుస గడప అవతల నుంచి వినబడుతుంది. పక్కన నిలబడి వినలేదా? ప్రతి మాటా విన్నాడు.

"మా నాయనమ్మ గూడ గట్లనే, నిద్రల అన్ని ముచ్చట్లు చెప్పేది" అంది పిల్ల, నవ్వుతూ. నన్ను చూసి కాదు, వాడిని చూసి నవ్వింది. వాడు కూడా నవ్వాడు. ఆ నవ్వు వాడి మొహం మీద చూసి ఎన్నాళ్లయిందో, ఆ ఒక్క క్షణం నా కోపం కూడా దారి తప్పింది, దానికే నా మీద నాకు అన్నిటికన్నా ఎక్కువ అసహ్యం. పిల్ల దుప్పటి అంచు పట్టుకుని నా భుజం దాకా జరిపింది. పండుకోండ్రి అత్తమ్మా అంది, మెల్లగా, నిజంగా నిద్రపోతున్న మనిషితో మాట్లాడినట్టు. అప్పుడే అత్తమ్మ అనేసింది. ఆమె తల్లి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని మురిసిపోయింది. తలుపు దగ్గరగా వేశారు.

తర్వాత ఎంతసేపు పోయిందో తెలియదు, నిద్ర నన్ను ఎప్పుడు మింగిందో తెలియదు. కళ్లు తెరిచేసరికి కిటికీలో ఎండ లేదు. జైపాల్ మంచం మీద కూర్చున్నాడు, ఒక చేతిలో మిఠాయి డబ్బా, ఇంకో చేతిలో నీళ్ల గ్లాసు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కుదిరింది అమ్మా, శ్రావణంలనే అన్నరు, అన్నాడు. ఇదిగో నీ గోలీ, గిది అసలుదే, అని అరచేయి చాపి చూపించాడు. అంటే నాకు తెలుసని వాడికి తెలుసు. నోరు తెరిచాను, వేశాడు, మింగాను. "అమ్మా, ఏమన్న అను. తిట్టు" అన్నాడు. తిట్టడానికి వాడి మొహం చూడాలి. చూడలేకపోయాను. ఇంకో వైపు తిరిగిపోదామంటే ఒళ్లు రాదు. కోపం వస్తే ఆడవాళ్లు అటు తిరిగి పడుకుంటారు, మా అమ్మ పడుకునేది, నేను కూడా మా ఆయన మీద అలిగి ఎన్నిసార్లు పడుకున్నానో. ఆ పాటి అలక కూడా ఇప్పుడు నా చేతిలో లేదు.

"నన్ను గోడ దిక్కు తిప్పు" అన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు. ఒక చెయ్యి భుజం కిందికి, ఒక చెయ్యి నడుము కిందికి పోనిచ్చి, చీర చిక్కుకోకుండా, మోకాళ్లు ఒకదాని మీద ఒకటి ఒత్తుకోకుండా, రోజూలాగే మెల్లగా తిప్పాడు. వీపు వెనక దిండు సర్దాడు.

"మంచిగున్నదా అమ్మా?" అన్నాడు.

"మంచిగనే ఉన్నది" అన్నాను గోడతో. ఆ మాట మాత్రం గట్టిగా వచ్చింది, హాల్లో ఉన్న మా ఆయన కూడా విని, లేచిందా అని అడిగాడు.